నాలుగో ప్రశ్నకు సున్నా

పరీక్ష ఫలితాలు వచ్చినప్పటి నుంచి కెమిస్ట్రీ మాస్టారికి ముద్ద గొంతు దిగడం లేదు.

కారణం నాలుగో ప్రశ్న. ఒక ఆల్కహాలుకు హైడ్రోబ్రోమిక్ ఆమ్లం కలిపితే ఏం వస్తుందో రాయాలి. మధ్యలో ధనావేశం ఉన్న కార్బన్, అదే కార్బొకాటయాన్, పుడుతుంది. దానికి కుదురు తక్కువ. పక్క కార్బన్ మీద ఇంకాస్త స్థిరంగా ఉండే వీలుంటే ఆవేశం క్షణంలో అటు జరిగిపోతుంది. ఏటా ఈ సంగతి బల్ల గుద్ది చెప్పే పెద్దమనిషే, దిద్దడానికి జవాబుల పట్టిక రాసుకునేటప్పుడు ఆ జరగడం కాస్తా మరిచిపోయారు. తరగతి తరగతంతా ఆయనలాగే మరిచిపోయింది. సరిగ్గా రాసింది ఒక్కతే, బట్టల కొట్టులో పనిచేస్తూ చదువుకునే అమ్మాయి. ఆమెకు సున్నా పెట్టారు. ఆ ప్రశ్నకున్న అయిదు మార్కులు పోవడంతోనే ఆమె పరీక్ష తప్పింది.

తన పొరపాటు ఫలితాలొచ్చిన మర్నాడే ఆయనకు తెలిసింది. ప్రిన్సిపాల్‌కి ఒక్క కాగితం రాసిస్తే సరిపోయేది. ఇన్నేళ్ల పరువు గుర్తొచ్చి చెయ్యాడలేదు. మార్కులు దిద్దుకునే గడువు ఈ సాయంత్రంతో సరి.

"ఆ మొహమేంటండీ, ఎవర్నో చంపొచ్చినట్టు!" అంది పొద్దున భార్య. నవ్వులాటకే అంది. ఆయన నవ్వలేకపోయారు.

మధ్యాహ్నం ఆ అమ్మాయే నోటు పుస్తకంతో ఆయన గదికి వచ్చింది.

"సార్, మళ్లీ పరీక్ష రాస్తున్నాగా. నాలుగోది ఈసారి సరిగ్గా నేర్చుకున్నాను. ఒక్కసారి చూస్తారా?"

పేజీ నిండా ఆయన పట్టికలోని తప్పు జవాబే, మార్కులొచ్చిన వాళ్ల పేపర్లు చూసి వరసగా రాసుకుంది.

"ఆవేశం పక్కకి జరుగుతుందని మీరు చెప్పినట్టే గుర్తు సార్. నేనే తప్పుగా అర్థం చేసుకున్నట్టున్నాను."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"లేదమ్మా. నువ్వు రాసిందే రైటు. తప్పు నాది. పద, ఇప్పుడే మార్కులు వేయిస్తాను."

ఆమె మొహం విప్పారింది. అంతలోనే ఏదో తట్టినట్టు ఆగింది.

"మీకెప్పుడు తెలిసింది సార్?"

ఇవాళే అనేస్తే గొడవే లేదు. ఆ పేజీ వంక చూస్తూ ఆ మాట అనలేకపోయారు.

"పది రోజులైందమ్మా."

ఆమె పుస్తకం మూసింది.

"ఈ పది రోజులూ కొట్టుకి సెలవు పెట్టి ఇదే బట్టీ పట్టాను సార్."