ఎదుటివైపు అక్షరాలు

ఓర్లా వెళ్ళిపోవడానికి ఇంకా నలభై మూడు రోజులున్నాయి. మా ఇంట్లో ఎవరు అడుగుపెట్టినా వాళ్ళు వెళ్ళే రోజెప్పుడో ముందే అడిగి గుర్తుపెట్టుకోవడం నా అలవాటు. అడగకుండా ఊరుకున్నది ఒక్క నా తమ్ముడు అద్మాసు విషయంలోనే. చిన్నప్పుడు వాడు చదువుకి వెళ్తుంటే ఎప్పుడొస్తావని అడగలేదు, పండక్కి వచ్చేస్తాడు కదా అనుకున్నాను.

ఓర్లాది ఐర్లండు. ఇథియోపియా కొండల్లో ఉన్న మా దెబ్రె తాబోర్‌లో పిల్లల కోసం పెట్టిన పుస్తకాల గదిలో జీతం లేకుండా పనిచేస్తుంది, మా వెనక గదిలో ఉంటుంది. బుధ, శుక్రవారాలు మాతోపాటు మాంసం, పాలు, గుడ్లు ముట్టకుండా ఉపవాసం చేస్తుంది. మర్నాడు తెల్లారగానే గుడ్డు ఉడికిందా అని అడుగుతుంది.

ఆ బుధవారం రాత్రి అందరం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నాం.

"శనివారం కథ చదవాల్సిన మాస్టారికి బదిలీ అయింది," అంది ఓర్లా. "నేను చదివితే పిల్లలు కథ వినరు. నా మాట విని నవ్వుతారు."

"మా అమ్మ ఉందిగా!" అంది నా కూతురు ఎనత్‌నెష్. "బడి గడప తొక్కలేదు, అయినా దావీదు కీర్తనలన్నీ చదివేస్తుంది. అదీ గోడవైపు తిరిగి, శాలువా కప్పుకుని. మేం చూస్తే పుణ్యం తరిగిపోతుందని కాబోలు."

"నోర్మూసుకుని తినవే."

ఓర్లా ఇంజెరా అట్టు ముక్కలో పప్పు చుట్టి నా నోట్లో పెట్టింది. "ఎమామా, నువ్వు చదువుతావా?" పెద్దావిడల్ని మా ఊళ్ళో అలాగే పిలుస్తారు.

నోటినిండా ముద్ద ఉంది. తల ఊపాను. నిలువుగా ఊపానో అడ్డంగా ఊపానో నాకే తెలియలేదు. వాళ్ళిద్దరూ మాత్రం ఒప్పుకున్నానని చప్పట్లు కొట్టారు.

గోడవైపు ఎందుకు తిరుగుతానో ఎవరికీ తెలియదు. నేను పుస్తకం తలకిందులుగా పెట్టుకుని చదువుతాను.

ఆడపిల్లనని నన్ను చర్చి బడికి పంపలేదు. అద్మాసు వెళ్ళేవాడు. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని కీర్తనలు వల్లెవేసేవాడు. నేను వాడికి ఎదురుగా కూర్చుని తెఫ్ గింజలు చెరుగుతూ, వాడి వేలు ఏ అక్షరం మీద ఆగితే ఆ అక్షరం చూసేదాన్ని. మా లిపిలోని రెండు వందల పైచిలుకు అక్షరాలు అలాగే వచ్చాయి. పన్నెండో ఏట వాడు చర్చి విద్యార్థుల్లా గొర్రెతోలు భుజాన వేసుకుని, దూరాన ఎవరో గొప్ప గురువున్నాడని వెళ్ళాడు. పండగ వచ్చింది, వాడు రాలేదు. ఆ తరవాత ఏ పండక్కీ రాలేదు. పుస్తకం మిగిలింది. ఒకరోజు తీసి ముందు పెట్టుకుంటే ఒక్క అక్షరమూ పలకలేదు. తిప్పి పెట్టాను. అన్నీ పలికాయి.

దాని తోలు అట్ట మీద ఏమీ రాసి లేదు కాబట్టి ఇన్నేళ్ళూ దాచగలిగాను. పిల్లల పుస్తకానికి బొమ్మలుంటాయి.

గురువారం ఓర్లా కథల పుస్తకం తెచ్చి ఇచ్చింది. తిన్నగా పెట్టి చదవబోయాను. బాగా తెలిసిన మనుషులందరూ కాళ్ళు పైకెత్తి నిలబడినట్టుంది. ఒక వాక్యం కూడబలుక్కునేసరికి పొయ్యిమీద కూర మాడింది.

"కథ అంత బాగుందా అమ్మా?" అంది ఎనత్‌నెష్ ముక్కు మూసుకుని.

జ్వరమని చెప్పేద్దామనుకున్నాను. కానీ వెళ్ళిపోయే పిల్లని నొప్పించి పంపితే ఆ నొప్పి నా దగ్గరే ఉండిపోతుంది. శుక్రవారం రాత్రి కన్ను మూతపడలేదు. ఇరవై మంది పిల్లలు, వాళ్ళ వెనక వాళ్ళ తల్లులు, ఆ పైన వీధంతా నవ్వుతున్నట్టే అనిపించింది.

శనివారం పొద్దున పిల్లలు చాప మీద కూర్చున్నారు. వాళ్ళకూ నాకూ మధ్య పొట్టి బల్ల. ఓర్లా నా వెనక నిలబడింది. అందరిలాగే పుస్తకం నావైపు తిన్నగా పెట్టి తెరిచాను.

"ఒక... ఒక అడ... అడవి..."

"ఎమామాకి నిద్రొస్తోంది!" అన్నాడొకడు.

ముందు వరసలో సెనాయిత్ అని ఆరేళ్ళ పిల్ల మోకాళ్ళ మీద లేచింది. "మాకు ఏనుగు తలకిందులుగా ఉంది! మాస్టారు కూడా ఇంతే. అంతా ఆయనే చూసేసి, చివర్లో మాకు కాసేపే చూపిస్తాడు."

"మావైపు తిప్పు ఎమామా! తిప్పు!"

అందరూ ఒక్కసారి అరిచారు. తిప్పాను.

అక్షరాలన్నీ కాళ్ళ మీద నిలబడ్డాయి. అడవిలో ఏనుగు ఉందట, దానికి నీళ్ళంటే భయమట. చదువుతూ పోయాను. నా వేలు కదిలినచోటల్లా వాళ్ళ కళ్ళు కదిలాయి. ఏనుగు వాగు దాటి చెవులు ఆరబెట్టుకునేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మళ్ళీ చదవమన్నారు. చదివాను.

పిల్లలు వెళ్ళాక ఓర్లా నా ముందుకొచ్చి గొంతుక్కూర్చుంది. "ఎమామా, నువ్వు అటువైపు నుంచి చదివావు!"

"ఇటువైపు నుంచి రాదు తల్లీ."

"నాకు తిన్నగా ఉన్నా రాదు," అంది.

అప్పుడు అద్మాసు సంగతి చెప్పాను. యాభై ఏళ్ళ తరవాత ఆ పేరు ఇంకొకరికి చెప్పడం అదే మొదలు. ఓర్లా నా చెయ్యి పట్టుకుని వింది. వాళ్ళ భాషలోనే ఏదో అంది. బాగానే ఉంది.

ఇంట్లో ఓర్లా సంగతి చెప్పేసరికి ఎనత్‌నెష్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఇన్నేళ్ళూ భక్తి అనుకున్నాను. సిగ్గా అది?" అంటూ ఒకటే నవ్వు. మర్నాడు పొద్దున్నే చిక్కుళ్ళు ఒలుచుకుంటూ నా ఎదురుగా కూర్చుంది. "కానివ్వు, తప్పు చదివితే పట్టుకుంటాను," అంది. రెండుచోట్ల పట్టుకుంది. ఓర్లా వెళ్ళేలోపు ఐదు శనివారాలున్నాయి, ఐదు కథలు ఏరి పెట్టుకున్నాను.

పై శనివారం సెనాయిత్ చాప వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"అటు వెళ్ళవే. ఇక్కణ్ణుంచి చూస్తే నాలాగే తలకిందుల చదువు వస్తుంది."

"ఇక్కణ్ణుంచి అన్నీ తలకిందులే," అంది అది పేజీలోకి వంగి. "కానీ అక్కడ తోసేస్తున్నారు."

కాస్త జరిగి చోటిచ్చాను.