మూత తీసిన మట్టి

ఆయన్ని వీధిలో అందరూ అర్జీ మావయ్య అంటారు. ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో ఇతరుల అర్జీలను బీరువాలో భద్రపరిచిన మనిషి. రిటైరయ్యాక తన అర్జీ ఎవరి బీరువాలో ఉందో వెతుక్కోవడమే పనయింది. ఇంటి వెనక గోడకి అవతల పెట్రోలు బంకు ఉంది, దాని ట్యాంకు భూమిలోకి కారుతోంది, తన బోరు నీళ్ళు పెట్రోలు కంపు కొడుతున్నాయి. ఇదీ అర్జీ.

వీధిలో ఎవరూ నమ్మలేదు. వాళ్ళ ఇళ్ళు ఎగువన ఉన్నాయి, వాళ్ళ నీళ్ళు బాగానే ఉన్నాయి.

"మీ ముక్కుకి వయసొచ్చింది బావగారూ," అనేవాడు ఎదురింటాయన. ఏ చుట్టరికమూ లేదు. బావగారూ అని చివర తగిలిస్తే ఏమన్నా చెల్లిపోతుందని ఆయన నమ్మకం.

మూడేళ్ళుగా మావయ్య భార్య వీధి చివరి కుళాయి నుంచి నీళ్ళు మోస్తోంది. మోకాళ్ళు అరిగిపోయాయి. మావయ్య మోయడు. అర్జీలు ఎవరు రాస్తారు మరి?

చివరికి ఒకరోజు పొద్దున్నే మట్టి పరీక్షలాయన వచ్చాడు. మట్టిలో పెట్రోలు పరిమితికి మించి తేలితే బంకు మూసి ట్యాంకు తవ్వాలి, మావయ్య ఇంటికి మంచినీళ్ళ గొట్టం వెయ్యాలి. తేలకపోతే ఫైలు మూసేస్తారు.

పరీక్షలాయన వెనక పెరట్లో గోడవారన పొడుగాటి ఇనుప బర్మాను తిప్పుతూ నేలలోకి దింపాడు. మీటరు లోతులో ఒకసారి, రెండు మీటర్లలో ఒకసారి, మూడులో ఒకసారి మట్టి తీశాడు. తీసిన ప్రతిసారీ బర్మా కడిగాడు, చేతి తొడుగులు మార్చాడు. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడు కూడా అన్నిసార్లు చొక్కా మార్చడు. మట్టిని గాజు సీసాల్లో అంచుదాకా కూరి, చప్పున మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టాడు.

"అంత తొందరేంటండీ, మట్టి పారిపోతుందా?" అన్నాడు మావయ్య.

"మట్టి పారిపోదండీ, పెట్రోలు పారిపోతుంది. అది గాల్లో కలిసిపోయే సరుకు. అందుకే సీసాలో ఖాళీ ఉండకూడదు, ఎండ తగలకూడదు, మూత తియ్యకూడదు. నేను బంకు మేనేజరు సంతకం తీసుకుని వచ్చి సీలు వేస్తాను. ఈలోపు ముట్టుకోకండి."

"నాకు చెప్పాలా? ఫైళ్ళలో పుట్టి పెరిగినవాణ్ణి," అన్నాడు మావయ్య.

బంకు మేనేజరుకి పెన్ను దొరకడానికి ముప్పావు గంట పట్టింది.

ఈలోపు ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి, "ఏం తేలింది బావగారూ, పెట్రోలా, మీ అత్తరా?" అన్నాడు. పక్కవాళ్ళెవరో నవ్వారు. మావయ్య మూడేళ్ళు మింగిన నవ్వు అది. ఐసు పెట్టె అరుగు మీదకి తెచ్చి, ఒక సీసా మూత తీశాడు.

"ఏమండీ, ఆయన వద్దన్నాడు కదా," అంది భార్య గుమ్మంలోంచి.

"నువ్వూరుకోవే. నలుగురూ చూస్తే సాక్ష్యం."

ఎదురింటాయన వాసన చూశాడు. "చల్లగా ఉంది, ఏం తెలియట్లేదు."

మావయ్యకి అదీ నిజమే అనిపించింది. మూడు సీసాలూ మూతలు తీసి ఎండలో వీధి గోడ మీద వరసగా పెట్టాడు. కాస్త వేడెక్కాక చెంచాతో కలిపాడు, అంచున కొంత మట్టి ఒలికింది. అప్పుడు వచ్చింది కంపు. వీధంతా వరసకట్టింది. ఒక్కొక్కరూ ముక్కు పెట్టడం, మొహం చిట్లించడం, "అమ్మో, నిజమే" అనడం. ఎదురింటాయనయితే కండువాతో ముక్కు మూసుకున్నాడు. మావయ్య జన్మలో అంత గౌరవం ఎరగడు. తర్వాత మూతలు ముందుకంటే గట్టిగా బిగించి, ఎక్కడివక్కడ పెట్టేశాడు. పరీక్షలాయన వచ్చి, చూసుకోకుండా సీలు వేసి పట్టుకుపోయాడు.

నెలకి రిపోర్టు వచ్చింది. పెట్రోలు పరిమితికి లోబడే ఉంది, ఫైలు మూసివేయడమైనది. బంకువాళ్ళు దాని నకలుకి ప్లాస్టిక్ తొడుగు వేయించి, గాలి కొట్టే యంత్రం పైన వేలాడదీశారు.

"ఆ పరీక్షలవాడు బంకువాళ్ళకి అమ్ముడుపోయాడు. వాడి మీద రాస్తాను అర్జీ," అన్నాడు మావయ్య.

భార్య కళ్ళజోడు పెట్టుకుని రిపోర్టు అడుగున సన్నక్షరాలు పైకి చదివింది. "సీసాలు నిండుగా లేవు. మూతలు తెరిచిన ఆనవాళ్ళున్నాయి. ఫలితం అసలు కంటే తక్కువగా వచ్చి ఉండవచ్చు."

మావయ్య రిపోర్టు లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "అయితే ఏం? వీధంతా సాక్ష్యం ఉంది," అని చెప్పులేసుకుని ఎదురింటికి వెళ్ళాడు. కంపు వచ్చిందని సాక్షి సంతకం పెట్టమన్నాడు.

"కంపా? నాకేం రాలేదే బావగారూ," అన్నాడు ఎదురింటాయన.

"ముక్కు మూసుకున్నావు కదయ్యా."

"మీరు నొచ్చుకుంటారని. పెద్దవారు, అంత ముచ్చటపడి చూపిస్తుంటే లేదని ఎలా అంటాం? మా అందరి సంగతీ అంతే." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ రిపోర్టు జిరాక్సు ఒకటి ఇప్పించండి. మేడ మీద భాగం అద్దెకిస్తున్నాం. బంకు పక్కన కదా అని వచ్చినవాళ్ళు నసుగుతున్నారు."

మావయ్య తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. భార్య బిందెలు తీసుకుని మెట్లు దిగుతోంది. ఎదురింటాయన ఏమడిగాడో చెప్పాడు.

"ఇవ్వండి," అంది ఆమె, పక్కకి తప్పుకోమన్నట్టు చెయ్యి ఊపుతూ. "మిమ్మల్ని నమ్మి ఒక్కడైనా ఏదో అడిగాడు."