కరిగిన మంచు, నా కుళ్ళుబోతుతనం

నేను ఒక ఇనప జాలీని. కెనడాలో ఓ చలి ఊళ్ళో, వీధి మలుపున, వాననీటి కాలువ మూతిమీద పదహారేళ్ళు పడుకున్నాను. ఫౌండ్రీలో ఇనుము కరిగించి ఇసుక అచ్చులో పోసినవాళ్ళు నాకు పేరు పెట్టలేదు, వీపుమీద ఓ నంబరు వేసి పంపారు.

ఎదురింటి దమయంతి సిటీ బస్సు నడుపుతుంది. చలికాలం వెళ్ళేటప్పుడు మంచుదిబ్బలు కరిగి వీధంతా నీళ్ళు పారతాయి. నా కంతలు గడ్డకట్టి మూసుకుపోతే గునపంతో పొడిచి తెరిచేది ఆవిడే. ఊరంతా నన్ను తొక్కుకుంటూ పోయేవాళ్ళే. వంగి చూసేది ఆవిడొక్కతే. ఆ మనిషి నా సొంతం అనుకున్నాను.

అంతలో మునిసిపాలిటీవాళ్ళు నాకు పదడుగుల ఎగువన నేల పల్లంగా తవ్వి తోట వేశారు. వాననీళ్ళూ మంచునీళ్ళూ అందులో ఆగి భూమిలోకి ఇంకాలట! నిండి పొర్లితేనే నా దగ్గరికి రావాలట! దానికి రంగుల బోర్డు, వచ్చేపోయేవాళ్ళ ఫోటోలు. దమయంతి కూడా సెలవు దొరికితే అక్కడే కూర్చుని కలుపు తీసేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఓ మార్చి ఆదివారం మంచుమీద వాన కురిసింది. అడుగున నేల ఇంకా గడ్డకట్టి రాయిలా ఉంది, తోటలో చుక్క ఇంకలేదు. నేనేమో మంచు తోసే బండి పోసిన గుట్టకింద ఉన్నాను. గంటసేపు తోట నిండుతున్న చప్పుడు విని సంబరపడ్డాను. "నీ సోకు ఇవాళ బయటపడుతుందిలే" అనుకున్నాను.

చివరికి అది పొర్లింది. నీళ్ళు దమయంతి ఇంటి బేస్‌మెంటు మెట్లు దిగసాగాయి. అక్కడ అద్దెకుండే కామేశంగారు తుంటి విరిగి మంచంమీదున్నారు. దమయంతి అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది.

"అమ్మా దమయంతీ, నీళ్ళు మంచం కోళ్ళదాకా వచ్చేశాయి!"

"కదలకండి బాబాయిగారూ! ఇప్పుడే దారి చేస్తా!"

గునపం పట్టుకుని గుట్టమీద పడింది. నేనెక్కడున్నానో తెలియక ఇక్కడో పోటు, అక్కడో పోటు. ఏడుస్తూనే పొడిచింది. ఆఖరి పోటుకి నా కడ్డీ ఒకటి విరిగింది. నీళ్ళు గుడగుడమంటూ నాలోకి దూకాయి. మెట్లమీద ధార ఆగింది. కామేశంగారి పక్క తడవలేదు.

సాయంత్రం నేలమట్టపు కిటికీలోంచి ఆయన మాట వినిపించింది. "ఆ తోట కాసేపు ఆపబట్టి సరిపోయిందమ్మా. లేకపోతే నువ్వొచ్చేసరికి మునిగిపోయేవాణ్ణి."

మళ్ళీ దాని గొప్పే! నేను కుతకుతలాడుతూంటే దమయంతి అంది: "నిజమే బాబాయిగారూ. ఆ జాలీ కూడా పాపం, విరిగి కూడా ఎన్ని నీళ్ళు మింగిందో!"

వారంలో నన్ను తీసేసి కొత్తదాన్ని బిగించారు. ఇప్పుడు పాత ఇనుము కొట్లో ఉన్నాను. తోట నీళ్ళతో పెనుగులాడిన ఆ గంటా నేను అది ఓడిపోవాలనే కోరుకున్నాను. ఓడిపోతే మునిగేది మంచం దిగలేని మనిషని తట్టనే లేదు. నా ఆ కోరిక దమయంతికి తెలియదు. తెలియకే నన్ను "పాపం" అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తలెత్తలేను.