తెల్లబడని అత్తయ్య

స్టూడియో మావయ్యదే అయినా, ప్రింటరు దగ్గర మేనకోడలి మాటే చెల్లేది. ఆయన అడ్డుపడింది ఒక్కసారే.

ముప్పై రెండేళ్లు నర్సుగా చేసిన అత్తయ్య ఆ నెలాఖరుకి ఉద్యోగం నుంచి దిగిపోతోంది. వార్డు గోడకి ఆవిడ ఫొటో పెడతామని ఆసుపత్రి వాళ్లు అడిగారు. మేనకోడలు ఆవిడని డ్యూటీ గదిలోనే నిలబెట్టి, నలుపు తెలుపుల్లో తీసింది. అత్తయ్య మంచి నలుపు. కళ్ల కింద ముడతలు, మాస్కు తాడు ఒరుసుకుని చెవి పక్కన పడిన గీత, అన్నీ కంప్యూటరు తెర మీద చక్కగా కనబడ్డాయి. చిక్కంతా కాగితం మీదకి వచ్చేసరికి మొదలైంది.

ప్రింటరుతో వచ్చిన సాఫ్ట్‌వేర్ నలుపులో రంగు ఇంకులు కూడా కలిపేస్తోంది. బొమ్మ ట్యూబులైటు కింద ఆకుపచ్చగా, ఎండలోకి తెస్తే ఎర్రగా కొట్టింది. అప్పుడు మావయ్య, తాను పెళ్లి ఆల్బమ్‌లకి వాడే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అది ముఖం ఎక్కడుందో తనే పోల్చుకుని తెల్లబరుస్తుంది. వద్దని చెప్పడానికి అందులో వీల్లేదు. అత్తయ్య ముఖం పిండి అద్దినట్టు వచ్చింది. చెవి పక్క గీత మాయమైంది.

మావయ్యకి అదే నచ్చింది. మేనకోడలు ససేమిరా అంది.

ఆమె మూడోది వెతికి తెచ్చుకుంది. హంగూ ఆర్భాటం లేనిది, నలుపు, బూడిద ఇంకులు తప్ప వేరేవి ముట్టదు. కాకపోతే ముందుగా తెలుపు నుంచి నలుపు దాకా ఇరవై ఒక్క గళ్ల పట్టీ ముద్రించి, ఏ గడి ఎంత ముదురో మీటరుతో కొలిచి దానికి చెప్పాలి. మొదటి రోజు చివరి అయిదు గళ్లూ ఒకే మసిముద్దయ్యాయి. ఇంకు తగ్గించింది, కాగితం మార్చింది, మళ్లీ కొలిచింది. మూడు రోజులు మావయ్య సణుగుతూనే ఉన్నాడు. నాలుగో రోజుకి గడికీ గడికీ తేడా తెలిసింది.

"కాస్త తెలుపు చేస్తే నీ సొమ్మేం పోయిందే?" అన్నాడు మావయ్య.

"అత్తయ్య పోతుంది, మావయ్యా."

తమ పెళ్లి ఫొటోలో తానే కుంచె పట్టి ఆవిడని తెల్లగా దిద్దానని, ఇన్నేళ్లలో ఆవిడ ఒక్క మాటా అనలేదని ఆయన వాదించాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన అత్తయ్య గుమ్మంలోనే ఆగింది.

"మీరు అడగలేదుగా," అంది. "ఆ పెళ్లికూతురెవరో నాకు ఇప్పటికీ తెలీదు."

మూడో సాఫ్ట్‌వేర్‌లో తీసిన బొమ్మని చంకన పెట్టుకుని, మర్నాడు అత్తయ్య తనే ఆసుపత్రికి పట్టుకెళ్లింది. సూపరింటెండెంటు ముఖం చిట్లించి, మరీ నల్లగా ఉందని, మరోటి చేయించమని అన్నాడు.

"ఇది వద్దంటే గోడ ఖాళీగానే ఉంచండి సార్," అని ఆవిడ బొమ్మని డ్యూటీ గదిలో పెట్టి, రోగులకి మందులివ్వడానికి వెళ్లిపోయింది.

పదకొండు రోజులు గోడ ఖాళీగానే ఉంది. పన్నెండో రోజు వార్డు నర్సులే మేకు కొట్టి ఆ బొమ్మని తగిలించారు. రౌండ్లకి వచ్చిన సూపరింటెండెంటు దాన్ని చూశాడు. చుట్టూ నిలబడ్డ నర్సులని చూశాడు. ముందుకి సాగిపోయాడు.

మావయ్య మారిపోయాడని చెప్పలేం. పెళ్లిళ్లకి పాతదే వాడుతున్నాడు. ఆ ఆదివారం ముగ్గురు నర్సులు యూనిఫాంలోనే స్టూడియోకి వచ్చి, ఉన్నదున్నట్టు తీసే ఆవిడ కావాలన్నారు. ఆయన మేనకోడలి గది చూపించాడు.