నత్తిగాడి నడక

ఆ ఇంట్లో అక్క మాటకు ఎదురు లేదు. తండ్రి బతికుండగానే అంతే, ఆయన పోయాక మరీను. ఏ ఆడగుర్రాన్ని ఎప్పుడు మగదానికి కట్టించాలి, దాణా ఎంత వేయాలి, ఏ పిల్లను ఉంచుకోవాలి, దేన్ని ఇచ్చేయాలి, అన్నీ ఆమే తేల్చేది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా శాలలో ఏదో ఒక గుర్రం ఈనడానికి సిద్ధంగా ఉండేది. అలా అవి ఈనుతూ ఉండగానే ఆమెకు నలభై దాటిపోయాయి. అందుకు ఆమె ఎప్పుడూ బాధపడినట్టు కనిపించలేదు. తమ్ముడు మాత్రం సరదాకి ఆమెను "జడ్జిగారూ" అనేవాడు.

గుర్రాలకు శిక్షణ ఇచ్చేది తమ్ముడే. మనుషుల దగ్గర నోరు విప్పడు కానీ గుర్రాల దగ్గర పొద్దస్తమానం కబుర్లే. పెళ్లయిన కొత్తలో అతని భార్య, "మా ఆయన నాతో రోజుకు పది మాటలు మాట్లాడితే, అందులో ఆరు 'పక్కకు జరుగు' అన్నవే వదినా! గుర్రం అనుకుంటున్నాడేమో" అని నవ్వేది.

వాళ్లవి మామూలు గుర్రాలు కావు, నడక గుర్రాలు. మామూలు గుర్రం కాస్త వేగం అందుకుందంటే రెండేసి కాళ్లు ఒక్కసారే ఎత్తి వేస్తుంది. మీద కూర్చున్నవాడు చేటలో గింజలా ఎగిరిపడతాడు. ఈ జాతి గుర్రం అంత వేగంలోనూ నాలుగు కాళ్లనూ విడివిడిగా, ఒకదాని వెనక ఒకటిగా వేస్తుంది. మీద ఉన్నవాడికి కుదుపే తెలియదు. నడుము నొప్పులవాళ్లు, ముసలివాళ్లు, రోజంతా జీను మీద గడపాల్సినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చేది అందుకే. ఇంట్లో దాన్ని 'వరస నడక' అనేవారు. అది నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకలో ఉండాలి. ఉన్నదాన్ని చెడగొట్టకుండా నిలబెట్టడమే శిక్షణ అంటే.

ఆ పుట్టుకంతా ఒక్క గుర్రం నుంచే వచ్చింది. తండ్రి పెంచిన ఆ నల్ల మగగుర్రాన్ని అందరూ 'పెద్దాయన' అనేవారు. ఆ పొలంలో మంచి నడక ఉన్న ప్రతి గుర్రమూ పెద్దాయన బిడ్డో, బిడ్డకు బిడ్డో. ఇప్పుడు పెద్దాయన ముసలివాడయ్యాడు. కళ్ల పైన గుంటలు పడ్డాయి, పళ్లు అరిగి దాణా నానబెట్టి పెట్టాల్సి వస్తోంది. ఆయన తర్వాత ఎవరన్నది తేలాలి.

తమ్ముడు ఏటా వెతుకుతూనే ఉన్నాడు. గుర్రప్పిల్లలను మొదటిసారి పచ్చికలోకి వదిలిన పొద్దున కంచె మీదికి ఎక్కి కూర్చుని, "అక్కా, ఇట్రా! తొందరగా రా! ఇదే, ఈసారి ఇదే!" అని కేకేసేవాడు. అక్క చేతిలో ఉన్న పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చేది. అతను చూపించిన పిల్లను చూసేది. నిజం చెప్పాలంటే ఆమెకు అన్నీ ఒకేలా కనిపించేవి. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు.

"కిందటేడూ ఇదే మాట అన్నావు."

"కిందటేడు పొరబడ్డాను. ఇది వేరు."

తమ్ముడి మాట మీద, విత్తనానికి పనికొస్తాయని విత్తులు తీయించకుండా ఉంచిన పిల్లల్లో ఒక ఎర్రది రెండో ఏడు వచ్చేసరికి దయ్యమై కూర్చుంది. కంచె దూకి పొరుగువాళ్ల ఆడగుర్రాల్లో పడింది. పట్టుకోబోయిన తమ్ముడి భుజం కండ పట్టి కొరికింది. తీరా జీను వేసి చూస్తే దాని నడక రోకటిపోటు. ఆ భుజానికి మందు రాస్తూ అక్క కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది: ఇకమీదట మగపిల్లలన్నిటికీ వేళకు విత్తులు తీయించేయాలి, మినహాయింపు లేదు. తమ్ముడు తలూపాడు. భుజం సలుపుతున్నప్పుడు ఎవరైనా తలూపుతారు.

ఆ మరుసటి ఏడే నత్తిగాడు పుట్టాడు.

బూడిదరంగు, పెద్ద చెవులు, పొడుగు కాళ్లు. వాడు నడుస్తుంటే కాళ్లు ఒకదానికొకటి అడ్డం వచ్చేవి. ఒకవైపు కాళ్లు రెండూ కలిసి పడేవి, అంతలో తడబడి విడిపోయేవి, మళ్లీ కలిసేవి. మాట మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయే మనిషిలా ఉండేది వాడి నడక. నత్తిగాడని పేరు పెట్టింది మరదలు. తమ్ముడు నవ్వలేదు. రోజూ కంచె దగ్గర చేరి వాడినే చూసేవాడు.

"అక్కా, అది నత్తి కాదు. నాలుగు కాళ్లూ విడిపోవాలని చూస్తున్నాయి. ఒంట్లో ఇంకా బలం చాలక కలిసిపోతున్నాయి. నాన్న చెప్పేవాడు కదా, పెద్దాయన కూడా చిన్నప్పుడు ఇలాగే తడబడేవాడని."

"నాన్న పోయాక నాన్న పేరు చెప్పి ఏమైనా అనొచ్చు."

"నిజంగా అక్కా. వీడొక్కడిని వదిలెయ్. వచ్చే ఏడు దాకా. అప్పటికీ ఇలాగే ఉంటే నేనే దగ్గరుండి చేయిస్తాను."

అక్క పాల బకెట్లు కడుగుతోంది. తల ఎత్తకుండానే, "చూద్దాంలే" అంది.

ఆమె నోట 'చూద్దాం' అంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. కాదనాలంటే ఆమె కాదనే అనేది. చూద్దాం అందంటే ఒప్పుకున్నట్టే. తమ్ముడు ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

పశువుల డాక్టరు రావాల్సిన రోజు ఇంకా రాకముందే ఒక ఉదయం ఆయన బండి గేటు ముందు ఆగింది. వేరేచోట పని తప్పిపోయిందట. "దారిలోనే కదా, మీదీ అయిపోతుందని వచ్చాను. సాయంత్రం దాకా ఉండలేను" అన్నాడు. తమ్ముడు ఇంట్లో లేడు. శిక్షణ పూర్తయిన ఒక ఆడగుర్రాన్ని దాని యజమానికి అప్పగించడానికి వెళ్లాడు. అక్కా మరదలూ కలిసి పిల్లలను ఒక్కొక్కటిగా పట్టి తెచ్చారు. డాక్టరు చెయ్యి తిరిగినవాడు. మత్తుసూది వేయడం, పడుకోబెట్టడం, కోయడం, కట్టడం చకచకా అయిపోతున్నాయి.

ఆఖరున శాలలోని గడిలో నత్తిగాడు మిగిలాడు.

"ఇదీనా?" అన్నాడు డాక్టరు, మోచేతులదాకా రక్తంతో.

మరదలు అక్క వైపు చూసింది. "వదినా, ఆయన వచ్చాక..." అంది మెల్లగా.

అక్కకు ఆ క్షణంలో అన్నీ గుర్తొచ్చాయి. కంచె దూకిన ఎర్రది గుర్తొచ్చింది, తమ్ముడి భుజం మీది పంటి గాట్లు గుర్తొచ్చాయి, ఏటేటా విన్న 'ఈసారి ఇదే' గుర్తొచ్చింది. 'చూద్దాంలే' అన్న తన మాటా గుర్తొచ్చింది. అదేం గుర్తు రాకపోలేదు. కానీ ఎండ ఎక్కుతోంది, డాక్టరు కత్తి కడుక్కుంటున్నాడు, మరదలు తనకు సలహా చెప్పడం ఎందుకో చిరాకనిపించింది. ఎదురుగా పిల్ల కాళ్లు మెలేసుకుని వెర్రిచూపులు చూస్తోంది.

"అదీనూ" అంది.

సాయంత్రం తమ్ముడు వచ్చేలోపు ఆమె చెప్పాల్సిన మాటలన్నీ సిద్ధం చేసుకుంది. అరుస్తాడు, అరవనీ. అరిచాక ఎర్రదాని సంగతి ఎత్తాలి, ఒప్పందం సంగతి ఎత్తాలి. తమ్ముడు వచ్చాడు. శాలలోకి వెళ్లాడు. చాలాసేపటికి బయటికి వచ్చి, "నెత్తురు ఆగింది కానీ వాపుంది. కాసేపు నడిపించాలి" అన్నాడు. తాడు పట్టుకుని నత్తిగాడిని ఆవరణ చుట్టూ తిప్పుతూ ఉండిపోయాడు. వాడికి కబుర్లు చెబుతాడేమోనని అక్క వంటింట్లోంచి చెవి ఒగ్గి వింది. ఏమీ చెప్పలేదు.

సిద్ధం చేసుకున్న మాటలు ఆమె దగ్గరే ఉండిపోయాయి. మర్నాడు అడుగుతాడనుకుంది, ఆ మర్నాడు అడుగుతాడనుకుంది. తమ్ముడు పనికి వేళకు వచ్చేవాడు, అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అన్నం తినేవాడు. ఒక్క మార్పే: జడ్జిగారూ అనడం మానేశాడు. ఆ సంగతి కూడా ఆమె చాలా రోజుల తర్వాత గానీ గమనించలేదు.

ఆ చలికాలం చివర్లో పెద్దాయన పేగు మెలిపడి చనిపోయాడు. పొద్దున దాణా ముట్టలేదు, మధ్యాహ్నానికి నేల మీద పొర్లాడు, డాక్టరు వచ్చేసరికి అయిపోయింది. అప్పటికి శాలలో ఆయన కొడుకుల్లో విత్తనానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. పోయిన ఏడు పుట్టినవి కత్తి కింద పడ్డాయి. ఆ ఏడు ఆడగుర్రాల కడుపులో ఉన్నవి అన్నీ ఆడపిల్లలే అయ్యాయి. దాన్ని ఎవరి తప్పు అంటాం?

నత్తిగాడికి మూడేళ్లు నిండాక తమ్ముడు జీను వేశాడు. మొదటి కొన్ని నెలలు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. వాడిని నడిపించడమే తప్ప వేగం పట్టించలేదు. ఒక పొద్దున అక్క వంటింట్లో పిండి కలుపుతోంది. బయట కంకర బాట మీద గిట్టల చప్పుడు వినిపించింది. టక టక టక టక, నాలుగూ సమానంగా, తేడా లేకుండా, దూరం నుంచి వచ్చి కిటికీ ముందుగా వెళ్లిపోయింది. ఆమె చేతులు ఆగిపోయాయి. నాన్న తిరిగొచ్చాడా అనిపించింది ఒక్క క్షణం. చిన్నప్పుడు పెద్దాయన మీద ఆయన ఇంటికి వస్తుంటే ఈ చప్పుడే వినిపించేది.

పిండి చేతులతోనే బయటికి వచ్చింది. బాట మలుపు తిరిగి నత్తిగాడు మళ్లీ వస్తున్నాడు. తల ఒక్కో అడుగుకూ కొద్దిగా ఊగుతోంది, చెవులు వదులుగా ఊగుతున్నాయి. వెనక కాలు ముందు కాలి గుర్తును దాటి పడుతోంది. మీద తమ్ముడు కదలడం లేదు, నీళ్ల మీద పడవలో వస్తున్నవాడిలా వస్తున్నాడు. గుర్రాలన్నీ ఒకేలా కనిపించే అక్కకు కూడా ఆ రోజు కనిపించింది.

"ఎంత బాగుందిరా!" అంది.

"ఊఁ" అని తమ్ముడు దిగకుండానే ముందుకు సాగిపోయాడు.

ఆ సంగతి దాగేది కాదు. వచ్చినవాళ్లు చూశారు, చూసినవాళ్లు చెప్పారు. ఒకరోజు ఒక పెద్దావిడ దూరం నుంచి బండిలో తన ఆడగుర్రాన్ని ఎక్కించుకుని మరీ వచ్చింది. ఆవిడా ఈ జాతి గుర్రాలే పెంచుతుంది. పెద్దాయనను ఎరిగిన మనిషి. నత్తిగాడి నడక చూసి బుగ్గలు నొక్కుకుంది.

"మీ ముసలాయనే మళ్లీ పుట్టాడమ్మా! అసలు అంతకంటే మెరుగు. అడక్కుండా వచ్చేశానని ఏమనుకోకండి. నా గుర్రం ఎదకొచ్చి ఉంది, దీనికి కట్టిద్దామని తెచ్చేశాను."

ఆవిడ అక్కాతమ్ముళ్లిద్దరి మొహాలూ చూసి, వంగి గుర్రం కాళ్ల మధ్యకు చూసింది. నిటారుగా లేచేసరికి ఆవిడ మొహం వాడిపోయింది.

"అయ్యో అయ్యో. ఇలాంటిదానికి... ఎవరు చేయించారమ్మా ఈ పని?"

అక్క నోరు తెరిచింది. ఆ లోపు తమ్ముడు పట్టీ బిగిస్తూ, "మేమేనండీ. చిన్నప్పుడు నత్తిగా నడిచేవాడు. మేము పోల్చుకోలేకపోయాం" అన్నాడు.

ఆవిడ తన గుర్రాన్ని మళ్లీ బండెక్కించుకుని వెళ్లిపోయింది. వెళ్తూ కూడా తల విదిలిస్తూనే ఉంది.

అక్క శాలలోకి తమ్ముడి వెనకే వెళ్లింది. అతను జీను దించుతున్నాడు.

"మేమే అన్నావెందుకురా?"

"మరి ఎవరనాలి?"

"నేనని చెప్పొచ్చుగా. నువ్వు పోల్చుకున్నావు. నేనే..."

"చెబితే ఏమొస్తుందక్కా?" కోపంగా అనలేదు. గుర్రం వీపు మీది చెమట గుడ్డతో తుడుస్తూ, వాతావరణం గురించి అన్నట్టు అన్నాడు. "పక్కకు జరుగు, అది కాలు తొక్కుతుంది."

ఆమె పక్కకు జరిగింది. అతను ఒక్కసారి అరిచి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది. ఇన్నేళ్లూ ఆ కోపం ఎప్పుడు బయటపడుతుందా అని భయపడింది. అది ఎప్పటికీ బయటపడదని ఇప్పుడు తెలిసింది.

దూరపు బంధువుల దగ్గర నుంచి ఒక మగగుర్రాన్ని తెచ్చారు. మంచిదే, వంక పెట్టడానికేం లేదు. దానికి పుట్టిన పిల్లలు బుద్ధిగా నడుస్తాయి, కొనుక్కున్నవాళ్లు సంతోషంగానే ఉన్నారు. పొలం సాగిపోతోంది. పిల్లలను పచ్చికలోకి వదిలే పొద్దున మాత్రం కేక వినిపించదు. అక్క పని చేతిలో పెట్టుకుని కాసేపు ఎదురుచూసి, పిలవకుండానే కంచె దగ్గరికి వెళ్లి తమ్ముడి పక్కన నిలబడుతుంది.

"ఎలా ఉన్నాయిరా?"

"బాగున్నాయి."

"వీటిలో ఏది...?"

"అన్నీ బాగానే ఉన్నాయక్కా."

ఒక ఏడు డాక్టరు రావడానికి వారం ముందే అక్క అతన్ని పట్టుకుంది. "ఈసారి నేను చెప్పను. దేనికి చేయాలో దేన్ని ఉంచాలో నువ్వే డాక్టరుకు చెప్పు. నువ్వు ఉంచమన్నవి ఎన్నైనా సరే, కంచెలు దూకినా సరే, నేను నోరెత్తను."

ఆమె ఆశగా చూస్తోంది.

"నాకెందుకక్కా," అన్నాడు, "అన్నిటికీ చేయించేయ్."

"ఒక్కటి కూడా లేదా? నిజం చెప్పు. నీ కంటికి ఒక్కటి కూడా కనిపించలేదా?"

"నేనిప్పుడు అలా చూడడం మానేశాను."

డాక్టరు వచ్చాడు. తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు, పిల్లలను ఒక్కొక్కటిగా పట్టి తెచ్చింది అతనే. ఆఖరి పిల్ల వంతు వచ్చేసరికి అక్క, "దాన్ని వదిలేయండి" అంది. ఎందుకు వదలమందో ఆమెకే తెలియదు. గోధుమరంగు పిల్ల, నుదుట చిన్న తెల్లమచ్చ. అన్నిటిలాగే ఉంది. డాక్టరు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు భుజాలెగరేసి పిల్లను గడిలోకి తోలుకుపోయాడు.

దానికి మూడేళ్లు నిండేదాకా ఆమె రోజూ కంచె దగ్గర నిలబడి ఆ పిల్లనే చూసింది. తమ్ముడు ఏం చూసేవాడో తనకూ కనబడుతుందేమోనని కాళ్లను చూసింది, వీపును చూసింది, తల ఊపును చూసింది. కళ్లు నీళ్లు కారేదాకా చూసింది. తీరా జీను వేశాక అది మామూలు నడకే నడిచింది. చెడ్డదని కాదు. అంతే.

మళ్లీ డాక్టరుకు కబురు పెట్టారు. డాక్టరు కత్తి తీసే ముందు తమ్ముడు పిల్ల మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు. "ఒక్క నిమిషంలే, అయిపోతుంది" అని దాని చెవిలో ఏదో చెబుతూ ఉన్నాడు. అక్క తాడు రెండో కొస పట్టుకుని అవతల నిలబడింది. ఆ గొణుగుడులో తన మాటేమైనా వస్తుందేమోనని వింటూ నిలబడింది. రాలేదు. అంతా గుర్రం గురించే.