నేల తుడిచిన సాక్షి

"కాఫీ ఇచ్చి, ఆ నాలుగూ కొట్టెయ్ అమ్మాయ్. పన్నెండింటికల్లా వకీలు దగ్గరుండాల."

మామయ్యగారు చేతిరాత కాగితాలు కంప్యూటర్ పక్కన పడేసి పేపరందుకున్నారు. మా మామగారు నాగభూషణరావంటే నరసరావుపేట రిజిస్ట్రారాఫీసు వీధిలో పేరున్న దస్తావేజు లేఖరి. మా ఇంటి ముందుగదే ఆఫీసు. పదిహేడేళ్ళుగా అందులో టైపు కొట్టేది నేను. బోర్డు మీద నా పేరు లేదు, జీతమూ లేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగితే మా ఆయన ఫణీంద్ర పగలబడి నవ్వాడు. "రేపు అన్నం వండినందుక్కూడా బిల్లేస్తావా ఏంది?"

కాఫీ ఇచ్చి వచ్చి కూర్చున్నాను. మొదటి కాగితం చదవగానే వేళ్ళు ఆగిపోయాయి.

అవి కోర్టులో వేసే ప్రమాణ పత్రాలు. మామయ్యగారి చెల్లెలు నాగేంద్రమ్మ పిన్నిగారు ఈపూరు పొలంలో తన వాటా కోసం దావా వేసింది. ఈ కాగితాల ప్రకారం, నిరుడు తాతగారి ఆబ్దికం రోజున, మా ఇంట్లో, నలుగురి ముందు ఆమె తన వాటా వద్దని చెప్పిందట. సంతకాలు పెట్టబోయేది మామయ్యగారు, ఫణీంద్ర, ఎదురింటి త్రికోటేశ్వరరావు గారు, మా ఆడబిడ్డ మొగుడు భానుప్రకాష్. "స్వచ్ఛందంగా, సంతోషంగా, చేతులు జోడించి" అన్న మాటలు నాలుగింటిలోనూ ఉన్నాయి.

ఆ రోజు భానుప్రకాష్ మాచర్లలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది నేను.

పిన్నిగారు అన్నది వేరు. "నా వాటా నాక్కావాలన్నయ్యా. మా ఆయన పొయ్యాక నాకు మిగిలింది ఆ పొలం చెక్కే." మామయ్యగారు చెయ్యి విసిరారు. కాఫీ గ్లాసు ఎగిరి ఆమె కాళ్ళ దగ్గర పడింది. నేను గుడ్డ తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాను. నా కళ్ళ ముందే ఆమె పాదాలు గుమ్మం వైపు తిరిగాయి.

దావా కాగితం వచ్చిన రోజే, ఆమె వాటా వద్దందని చెప్పాలనుకున్నారు. అప్పుడే ఫణీంద్రతో అన్నాను. "పిన్నిగారు వద్దనలేదు కదండీ."

"నువ్వక్కడ యాడున్నావే?"

"నేల తుడుస్తున్నా."

"అదేగా! నేల తుడిచేదానివి, నీకేం వినబడుద్ది?"

మా టేబులు మీద స్టాంపు పేపర్లు ఫ్యాను గాలికి ఎగరకుండా వాటిమీద ఒక నల్లట్ట బైబిలు ఉంటుంది. మూడేళ్ళ కిందట ప్రార్థన మందిరం స్థలం రిజిస్ట్రేషనుకు వచ్చిన పాస్టరు ఎలీషా ఇచ్చి వెళ్ళాడు. మామయ్యగారు దాన్ని బరువుకు వాడుకున్నారు. మధ్యాహ్నాలు అందరూ నిద్రపోయాక నేను చదివాను. భక్తితో కాదు. ఏ కాగితం దొరికినా తప్పులు పట్టడం నా అలవాటు.

దొరికాయి. యేసు సమాధి ఖాళీగా కనబడిన తెల్లవారుజాము సంగతి నలుగురు రాశారు. వెళ్ళింది ఇద్దరు ఆడవాళ్ళని ఒకరు, ముగ్గురని ఇంకొకరు. తెల్లబట్టల మనిషి ఒకచోట ఒక్కడు, మరోచోట ఇద్దరు. పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ పోయాను. మామయ్యగారైతే ఈ నలుగురికీ చివాట్లు పెట్టి మళ్ళీ రాయించేవారు కదా అనిపించింది. అనిపించగానే పెన్సిలు కింద పెట్టేశాను.

పదిహేడేళ్ళలో నేను కొట్టిన అబద్ధాలన్నీ అచ్చుగుద్దినట్టు కలిశాయి. నిజం చెప్పడానికి వచ్చినవాళ్ళే ఆదివారమని ఒకరు, సోమవారమని ఒకరు మా అరుగు మీద తగవులాడుకునేవాళ్ళు. పొలం ఎవరిదన్న దగ్గర మాత్రం తేడా ఉండేది కాదు.

ఇంకొకటి. "ఆడసాక్షి దండగ. వకీలు గట్టిగా రెండు ప్రశ్నలేస్తే ఏడ్చుద్ది" అంటారు మామయ్యగారు. ఆ పుస్తకంలో మొదటి సాక్షులే ఆడవాళ్ళు. అందులో ఒకామె ఒకప్పుడు దయ్యాలు పట్టిన మనిషని వాళ్ళే రాసుకున్నారు. యేసు తిరిగి లేచాడని ఆ ఆడవాళ్ళు వచ్చి చెబితే మగవాళ్ళు పిచ్చిమాటలని కొట్టిపారేశారని, అదీ దాచలేదు. కథ అల్లేవాడు అలాంటి సాక్షిని తెచ్చుకుంటాడా? ఊళ్ళో పెద్దమనిషిని తెచ్చుకుంటాడు. ఆమెను ఎవరూ ఎంచుకోలేదు. ఆమె అక్కడ ఉంది, అందుకని రాశారు. శవానికి పూయడానికి సుగంధద్రవ్యాలు మోసుకుని, తెల్లారకముందే పనిమీద బయల్దేరిన ఆడవాళ్ళు. పనికి వెళ్ళారు కాబట్టే చూశారు.

ఆ రోజు నుంచి నేను దాన్ని నమ్మాను. చెప్పుకోవడానికి మనిషి లేడు. చదువుతూ ఒకసారి ఫణీంద్ర కంటబడితే, "మనకేం లోటొచ్చిందని? ఆ ఊరవతల పేటోళ్ళ పుస్తకం మనకెందుకే?" అన్నాడు. కూరగాయలకని చెప్పి రెండు ఆదివారాలు ఎలీషా గారి మందిరానికి వెళ్ళాను. అక్కడ ఒక్కొక్కరే లేచి తమకు జరిగిన మేలు చెప్పారు. ఒకరికి కామెర్లు తగ్గాయి, ఒకరి కొడుక్కి ఉద్యోగం వచ్చింది. నన్నూ సాక్ష్యం చెప్పమన్నారు. నలుగురి మాటలు కలవలేదు కాబట్టి నమ్మానని చెప్పాను. అందరూ నా ముఖంలోకి చూశారు. పక్కనున్న రామాయమ్మ గారు నా చెయ్యి నిమిరి, "అంతేనామ్మా? నీకు జబ్బేం తగ్గలేదా?" అంది జాలిగా. ఎలీషా గారు తల వంచుకుని, "నీకూ ఓ మేలు జరుగుద్దిలేమ్మా" అన్నారు. మూడో ఆదివారం వెళ్ళలేదు. ఇంట్లో దేవుడి గదిలో దీపం పెడతాను, అందరికీ వడ్డిస్తాను, టైపు కొడతాను. రోజుకు ఎన్ని మాటలు మాట్లాడతానో అన్నీ వాళ్ళ పనుల గురించే. నాలో ఇంత పెద్ద సంగతి ఒకటి ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"అయినయ్యా?" పేపరు వెనకనుంచి మామయ్యగారు.

నాలుగు కాగితాల వైపు చూశాను. సాక్షులు ఏదీ కల్పించలేదన్న నమ్మకంతో ఒక పుస్తకాన్ని గుండెకు హత్తుకుని, అదే చేతులతో వీటినెలా కొట్టను?

కొత్త పేజీ తెరిచాను.

"నేను, వాసంతి, ఆ రోజు అక్కడ ఉన్నాను. నాగేంద్రమ్మ గారు తన వాటా తనకు కావాలని చెప్పగా విన్నాను. కాఫీ గ్లాసు కింద పడింది. నేల తుడిచింది నేనే."

ఆ గ్లాసు పడినప్పుడు టైము పదకొండో, పదకొండున్నరో నాకు గుర్తులేదు. గుర్తులేదనే కొట్టాను.

ప్రింటరులోంచి ఒక్క కాగితమే వచ్చింది. సంతకం పెట్టాను. మామయ్యగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఒకటే ఉందేంది? మిగతాయేవి?"

"అయి నేను కొట్టను మామయ్యగారూ. ఇది నాది. పిన్నిగారి వకీలుకిచ్చొస్తా."

ఆయన కాగితం లాక్కుని రెండు వాక్యాలు చదివారు. ముఖం నల్లబడింది. చింపలేదు. కంప్యూటరులో ఇంకొకటి ఉంటుందని ఆయనకూ తెలుసు. కాగితం టేబులు మీద పడేసి నవ్వబోయారు.

"మేం నలుగురం మగోళ్ళం ఒక మాట మీదుంటే, నువ్వు చెబితే నమ్మేదెవురే?"

కాగితం మడిచి, నల్లట్ట పుస్తకంలో పెట్టుకున్నాను. బరువు పోయేసరికి స్టాంపు పేపర్లు ఒక్కొక్కటే లేచి గదంతా ఎగిరాయి. అలవాటుగా ఏరబోయి ఆగాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాను.

"మొదట ఎవరూ నమ్మరు మామయ్యగారూ" అన్నాను.