కిందే ఉన్నా

లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల మనిషి ఇరుక్కుపోతే, ఫోనెత్తిన మెకానిక్ మొట్టమొదట చెప్పాల్సిన మాట ఒకటుంది. "కిందే ఉన్నానండీ, వచ్చేశా." ఊరికి ఆ చివరన ఉన్నా, నోట్లో ముద్ద ఉన్నా అదే మాట. ఇంకా చాలాసేపు పడుతుందని నిజం చెబితే లోపలివాళ్ళు తలుపులు గుద్దుతారు, సందుల్లో గోళ్ళు పెట్టి పీకుతారు, ఊపిరాడటం లేదని అరిచి అరిచి నిజంగానే ఊపిరాడకుండా చేసుకుంటారు. మనిషి కిందే ఉన్నాడంటే కుదురుగా కూర్చుంటారు. పని నేర్పిన పెద్దమేస్త్రీ అతనికి పానా చేతికివ్వడం కంటే ముందు ఈ మాట నేర్పాడు. తక్కిన మాటలు వెతుక్కుని మాట్లాడే మనిషే గాని, ఇది మాత్రం అతన్ని అడక్కుండానే నోటికి వచ్చేసేది.

ఆ మెకానిక్ ఇప్పుడు ఇంటికి పోతున్నాడు. ఇల్లంటే అక్క ఇల్లు. అమ్మ పోయిన నాటి నుంచి అతనికి వేరే ఇల్లు లేదు. అక్క పెళ్ళయి వెళ్తూ పెట్టెతోపాటు తమ్ముణ్ణీ వెంటబెట్టుకుపోయింది. బావ ఏనాడూ ఒక్క మాట అన్నది లేదు. పని వెతుక్కుంటూ దూరపు నగరం చేరినా, సెలవు దొరికితే అతను దిగేది ఆ నాలుగో అంతస్తు ఇంట్లోనే. దిగిన మర్నాడే ఆ పాత భవనం లిఫ్టుకు నూనె పెట్టి, తాళ్ళు చూసి, ఇనప మడత తలుపు బిగించేవాడు. "మా తమ్ముడు నాకోసం వస్తాడనుకుంటున్నారా? లిఫ్టుని చూసిపోవడానికి వస్తాడు" అని అక్క ఇరుగుపొరుగుతో అనేది.

ఇప్పుడు అక్క మంచం పట్టింది. కడుపులో రాచపుండు ముదిరిపోయిందని, ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. రోజూ వచ్చే నర్సమ్మ దగ్గర సూదిమందు ఒకటుంది. అది వేస్తే నొప్పి తెలియదు. తెలివీ ఉండదు. మళ్ళీ కళ్ళు తెరుస్తుందన్న ఆశ పెట్టుకోవద్దని డాక్టరు బావను పక్కకు పిలిచి చెప్పాడు. పక్కకు పిలిచి చెప్పిన మాట అక్కకు వినపడనే వినపడింది. ఆ ఇంటి గోడలు పలచన.

"చిన్నోణ్ణి రానివ్వండి" అంది. తమ్ముణ్ణి ఆమె పిలిచే పేరు అదే. "వాడి మొహం చూసి, నాలుగు చీవాట్లు పెట్టి, అప్పుడు వేయించుకుంటా. అందాకా ఆ సూది నా కంటపడనివ్వకండి."

"ఓర్చుకోగలవా?" అన్నాడు బావ.

"మిమ్మల్ని ఓర్చుకోలేదూ ఇన్నాళ్ళూ?"

ఇదంతా మేనకోడలు ఫోన్లో చెప్పింది. "రేపు సాయంత్రానికల్లా వచ్చెయ్ మామయ్యా. పళ్ళు బిగబట్టుకుని ఉంది" అంది.

నేరుగా పోయే విమానం లేదు. మధ్యలో ఒకచోట దిగి ఇంకోటి ఎక్కాలి. మొదటిదానిలో కూర్చున్నాక తలుపులు వేశారు. వేసిన తలుపులతోనే అది నేలమీద కూర్చుండిపోయింది. సామాను వేసిన మనిషెవరో తను ఎక్కలేదట. ఆ పెట్టె వెతికి దింపితే గాని కదలరట. మెకానిక్ కిటికీలోంచి కిందికి చూశాడు. ఇద్దరు కూలీలు ఒక్కో పెట్టె బయటికి లాగి, చీటీ చూసి, మళ్ళీ లోపలికి తోస్తున్నారు. వాళ్ళ చేతుల్లో తొందర లేదు. ఒకడు మధ్యలో నడుం మీద చెయ్యి వేసుకుని ఆకాశంకేసి చూశాడు. పొద్దుటినుంచీ ఎండలో బరువులెత్తేవాణ్ణి ఏమనగలం? అతను ఏమీ అనుకోలేదు. ఇంకా ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టుకున్నాడు.

దిగీ దిగగానే పరుగెత్తాడు. రెండో విమానానికి వ్యవధి ఉందంటే ఉంది, లేదంటే లేదు. తనిఖీ దగ్గర సంచిని పళ్ళెంలో పెట్టాడు. యంత్రం దాన్ని మింగింది, వెనక్కి కక్కింది, మళ్ళీ మింగింది. తనిఖీ మనిషి సంచి అడుగున చెయ్యి పెట్టి జానెడు ఇనప కడ్డీ ఒకటి బయటికి తీశాడు. దాని చివర మూడు మూలల గుంట ఉంది. మొదటి ఎయిర్‌పోర్టులో దాన్నెవరూ పట్టించుకోలేదు.

"ఏంటిది?"

"తాళంచెవి."

"ఇదేం తాళంచెవి? దేనిది?"

"లిఫ్టు తలుపుది."

"ఎక్కడి లిఫ్టుది?"

మెకానిక్ ఉన్నమాట చెప్పాడు. "ఎక్కడిదైనా పడుతుంది."

తనిఖీ మనిషి కడ్డీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే ఇక్కడి లిఫ్టులకీ పడుతుందా?"

"పడుతుంది."

పడదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. తనిఖీ మనిషి కడ్డీని బల్లమీద దూరంగా పెట్టి, పెద్దాయన్ని పిలవమని కేకేశాడు. పెద్దాయన టీకి వెళ్ళాడట. మీసాలు తుడుచుకుంటూ వచ్చి అవే ప్రశ్నలు అడిగాడు, అవే జవాబులు విన్నాడు.

"మీరే ఉంచేసుకోండి బాబూ. నాకు విమానం పోతుంది, మా అక్కని చూడాలి."

"మేమేం చేసుకుంటాం దీన్ని? ఎందుకు తెచ్చావో అది చెప్పు."

"మా అక్కవాళ్ళ లిఫ్టు చూడాలి."

"ఇందాక అక్కని చూడాలన్నావుగా?"

"రెండూ."

పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వు తీరిగ్గా పూర్తయ్యాక పొమ్మన్నాడు. కడ్డీ బల్లమీదే ఉండిపోయింది.

గేటు దగ్గరికి చేరేసరికి అద్దం తలుపు వేసేసి ఉంది. అవతల విమానం ఇంకా అక్కడే నిలబడి ఉంది. కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళ తలలు కూడా కనపడుతున్నాయి.

"మూసేశామండీ" అంది గేటు దగ్గరి అమ్మాయి.

"అదిగో, ఉందిగా అమ్మా."

"ఉందండీ. తలుపు వేశాక ఇక తియ్యరు."

మూసుకుపోయిన తలుపులు తీసి బతికినవాడు అద్దం తలుపు గొళ్ళెంకేసి చూస్తూ నిలబడ్డాడు. విమానం వెనక్కి జరిగి, తిరిగి, మెల్లగా వెళ్ళిపోయింది.

అదే విమానం తప్పిపోయిన బట్టల వ్యాపారి ఒకడు కౌంటరు దగ్గర ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాడు. మర్నాడు కొత్త కొట్టు తెరవాలట, తను లేకపోతే తమ్ముడు చేతికందినవాడికల్లా అరువులిచ్చేస్తాడట. కౌంటరు అమ్మాయి తెరలోంచి కళ్ళెత్తకుండా, ఇవాళ్టివన్నీ నిండిపోయాయనీ, రేపు పొద్దున మొదటిదానిలో ఇద్దరికీ సీట్లు వేశాననీ చెప్పింది.

"నువ్వూ అరవవయ్యా" అన్నాడు వ్యాపారి మెకానిక్ వైపు తిరిగి. "అరిస్తే గాని పని జరగదిక్కడ. నోట్లో బెల్లం పెట్టుకున్నావా ఏంటి?"

మెకానిక్ కౌంటరు మీదికి వంగాడు. "మా అక్క..." అని ఆగిపోయాడు. పోయేలా ఉంది అనాలి. విమానం పోయిందన్నంత తేలిగ్గా ఆ మాట రాలేదు. అమ్మాయి ఒక్క క్షణం కళ్ళెత్తి చూసింది. "ఎవరైనా రాకపోతే పిలుస్తానండీ, అక్కడ కూర్చోండి" అంది.

కూర్చున్నాడు. ఆ వైపు పోయేవి ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. రానివాళ్ళెవరూ లేరు. అందరూ వచ్చారు. ఎండ వాలి, అద్దాల మీద ఎర్రగా పడింది. ఆ వేళకు అతను అక్కవాళ్ళ వీధి చివర ఆటో దిగుతూ ఉండాలి. బావకు ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పాలని జేబులోంచి తీసేలోపే అది మోగింది. మేనకోడలి నంబరు.

గొంతు మాత్రం అక్కది. "ఎక్కడున్నావురా చిన్నోడా?"

అది లిఫ్టు గుంతలోంచి వచ్చినట్టు వచ్చింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి గుంజుకుంటోంది. ఇరుక్కుపోయిన మనిషి గొంతది. అలాంటి గొంతుకు ఏం చెప్పాలో అతని నోటికి తెలుసు.

"కిందే ఉన్నానక్కా. వచ్చేశా."

"వచ్చేశావా" అంది. ఆ ఊపిరి నిలకడకు రావడం అతనికి ఫోన్లోనే వినపడింది. "సరే, నెమ్మదిగా రా. లిఫ్టు చప్పుడు చేస్తోందిరా ఈమధ్య. చూద్దువుగాని."

ఫోన్ ఆగిపోయింది. అప్పటిగ్గాని తనేమన్నాడో అతను వినలేదు.

పక్క కుర్చీలోంచి వ్యాపారి వింతగా చూశాడు. "ఇక్కడ కూర్చుని కిందున్నానంటావేంటయ్యా? ఏ కింద?"

మెకానిక్ అప్పటికే బావకు ఫోన్ కలుపుతున్నాడు.

"వచ్చావుట్రా?" బావ గొంతులో ప్రాణం లేచొచ్చినట్టుంది. "మీ అక్క దుప్పటి మార్పించుకుని తల దువ్వించుకుంటోంది. ఎక్కడ, లిఫ్టు దగ్గరున్నావా?"

"బావా, విమానం తప్పిపోయింది. రేపు పొద్దున గాని రాలేను. సూది వేయించెయ్ బావా."

"మరి కిందున్నానన్నావట?"

"నోరు జారింది."

"ఎంత పని చేశావురా" అన్నాడు బావ. అరవలేదు. "సరే, చెబుతా ఉండు."

కాసేపటికి బావే మళ్ళీ చేశాడు. "నమ్మట్లేదురా. 'సూది పొడిపించడానికి నాటకాలాడుతున్నారు మీరు, వాడు కిందే ఉన్నాడు, వాడు నాతో అబద్ధం చెప్పడు' అంటోంది. నువ్వే చెప్పు. చెవి దగ్గర పెడుతున్నా."

"అక్కా" అన్నాడు మెకానిక్. "నేనింకా రాలేదక్కా. దూరంలోనే ఉండిపోయా. నా మాట విని సూది వేయించుకో."

సన్నగా నవ్వింది. నవ్వు మధ్యలో నొప్పి వచ్చినట్టుంది, తెగిపోయింది. "మీ బావ నీచేత కూడా చెప్పిస్తున్నాడట్రా? ఇద్దరూ ఒక్కటయ్యారే." మళ్ళీ ఊపిరి. "లిఫ్టులో ఇరుక్కున్నావా ఏంటి, లిఫ్టు మెకానిక్కువి? సిగ్గులేదూ? ఇరుక్కుంటే మెట్లెక్కి రా. నేనెక్కడికీ పోను."

"అక్కా, నిజం చెబుతున్నా."

"రారా ముందు" అంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆమె ఫోన్ దగ్గరికి రాలేదు. మనిషి గుమ్మంలోకి వస్తుంటే ఫోనెందుకని తోసేస్తోందట. ఒకసారి ఎత్తినప్పుడు మేనకోడలు మాట్లాడలేకపోయింది. ఏడుపు వినపడింది, దాని వెనక అక్క మూలుగు వినపడింది, అంతే. అతను కుర్చీలో కూర్చుని ఆ మాటను మళ్ళీ మళ్ళీ నోట్లో తిప్పుకున్నాడు. దారిలో ఉన్నానన్నా బాగుండేది. ఆలస్యమవుతుందన్నా బాగుండేది. వ్యాపారి అరిచి అరిచి అలిసిపోయి, తన బిస్కెట్ల పొట్లం అతని ఒళ్ళో పెట్టి నిద్రపోయాడు.

తెల్లారి విమానం ఎక్కేముందు బావ ఫోనెత్తాడు. "రా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. మెకానిక్ కూడా అడగలేదు. అడగనంతసేపూ ఏమీ కానట్టే.

భవనం ముందు చెప్పులు చాలా ఉన్నాయి. లిఫ్టు నేల అంతస్తులో చీకటిగా నిలబడి ఉంది. మడత తలుపుకు ఒక అట్టముక్క వేలాడదీసి, దానిమీద బొగ్గుతో 'పనిచేయదు' అని రాశారు. అతను అలవాటుగా కటకటాల్లోంచి తొంగిచూశాడు. తాళ్ళు బాగానే ఉన్నాయి. చెడిపోయిందేమీ కనపడలేదు. సంచి భుజాన వేసుకుని మెట్లెక్కాడు. మెట్లెక్కి రమ్మంది.

అక్కను ముందుగదిలో పడుకోబెట్టారు. తల దువ్వి ఉంది, పాపిడి తిన్నగా తీసి ఉంది. మొహం మాత్రం అలా కుదురుగా లేదు. పళ్ళు బిగించిన చోట దవడ అలాగే గట్టిపడిపోయింది. ఆమె పాదాల దగ్గర అతను కూలబడ్డాడు. ఎంతసేపో.

"తెల్లారుతుండగా" అన్నాడు బావ పక్కన కూర్చుంటూ.

"సూది?"

బావ తల అడ్డంగా ఊపాడు. "నర్సమ్మ నింపినప్పుడల్లా చెయ్యి లాగేసుకుంది. వాడు గుమ్మంలో ఉండగా నన్ను నిద్రపుచ్చుతారా అని తిట్టింది."

మెకానిక్ మెట్లవైపు చూశాడు. అడగాల్సింది అది కాదని తెలుసు. "లిఫ్టు పాడైందా?"

"లేదు. నేనే ఆపేశా." బావ తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. "అది పైకొచ్చిన ప్రతిసారీ కళ్ళు తెరుస్తోందిరా. పక్కింటివాళ్ళు వచ్చినా అంతే, పాలవాడొచ్చినా అంతే. తలుపు లాగిన చప్పుడు వినగానే నొప్పి బిగబట్టి మొహం నవ్వుగా పెట్టుకునేది. చూడలేకపోయా. పైకెళ్ళి స్విచ్చి కట్టేశా."

"మరి?"

"అదాగిపోయాక ఇంకా ఘోరమైంది" అన్నాడు బావ. "'చెప్పానా, ఇరుక్కున్నాడు' అంది. 'కిందికెళ్ళి తలుపు తీయండి, చీకట్లో ఉన్నాడు' అంది. పిల్లని పంపింది."

మేనకోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "మామయ్యకి భయపడొద్దని చెప్పిరా అంది" అంది. "వెళ్ళాను. ఖాళీ లిఫ్టు ముందు నిలబడి వచ్చాను. చెప్పావా అని అడిగింది. చెప్పానమ్మా, తలుపు తీస్తున్నారు, వచ్చేస్తున్నాడు అన్నాను. మళ్ళీ మళ్ళీ పంపింది. మళ్ళీ మళ్ళీ అదే చెప్పాను."

ఆమె అతనివైపు చూడలేదు. అతనూ చూడలేదు.

కింది నుంచి ఎవరో మెట్లెక్కి వచ్చారు. బావవాళ్ళ మేనత్త వచ్చిందట, మోకాళ్ళు పనిచేయక కిందే కూర్చుండిపోయిందట. బావ జేబులోంచి మోటారు గది తాళంచెవి తీసి మెకానిక్ చేతిలో పెట్టాడు. "లిఫ్టు వెయ్యరా. ముసలావిడ ఎక్కలేదు."

అతను పైకెళ్ళాడు. మోటారు గదిలో తను పోయిన సెలవుల్లో వదిలేసిన నూనెగుడ్డ అలాగే ఉంది. స్విచ్చి వేశాడు. కింద ఎవరో మీట నొక్కారు. మోటారు మూలిగి, తిరగడం మొదలుపెట్టింది. తాళ్ళు కదిలాయి. లిఫ్టు ఒక్కో అంతస్తూ ఎక్కి వచ్చి, కింద నాలుగో అంతస్తులో ఆగింది. మడత తలుపు గరగరమని తెరుచుకుంది.

తెరుచుకోగానే ఇంట్లోంచి ఎవరో పరుగున గుమ్మం దాకా వచ్చిన అడుగులు వినపడ్డాయి. మేనకోడలి అడుగులు. అవి గుమ్మంలో ఆగిపోయాయి.

అతను గోడకు చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. అక్క చెప్పింది నిజమే. లిఫ్టు చప్పుడు చేస్తోంది.